ఐదు సైట్లు, తొమ్మిది మంది, రోజూ అవే అలారాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

సైట్ల సంసారం:

నాలుగు సోలార్ సైట్లు, ఒక విండ్ సైట్. వీటి ఫీల్డ్ మెయింటెనెన్స్ నా నెత్తిన పడి ఎనిమిది నెలలైంది. అంతకుముందు ఒకే సైట్‌లో షిఫ్ట్ ఇంజనీర్‌ని. నా ఇన్వర్టర్లు, నా లాగ్‌బుక్, నా కుర్చీ. ఇప్పుడు తొమ్మిది మంది టెక్నీషియన్లు, రెండు బండ్లు, సైట్‌కీ సైట్‌కీ మధ్య గంటన్నర నుంచి మూడు గంటల దారి. పొద్దున ఆరుంపావుకి మొదలైన ఫోన్ రాత్రి దాకా ఆగదు.

మా పద్ధతి చెబితే నవ్వుతారు. స్కాడాలో, అంటే సైట్లని దూరం నుంచి గమనించే కంప్యూటర్ వ్యవస్థలో, అలారం వస్తుంది. కంట్రోల్ రూమ్ వాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఎవరో ఒకరు బొటనవేలు బొమ్మ పెడతారు. ఆ వేలికి అర్థం ‘చూశాను’ అనా, ‘బయల్దేరాను’ అనా, ‘పని అయిపోయింది’ అనా అన్నది ఎవరికి వాళ్లు ఊహించుకోవాల్సిందే. సాయంత్రం నేను కూర్చుని గ్రూపంతా పైకీ కిందికీ జరుపుతూ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాను.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది పద్నాలుగో నంబర్ ఇన్వర్టర్. 3 మెగావాట్ల సెంట్రల్ ఇన్వర్టర్ అది, వేల ప్యానెళ్ల డీసీ కరెంటుని ఒక్కచోట ఏసీగా మార్చేది. వాన పడిన మర్నాడో, మంచు బాగా కురిసిన రోజో పొద్దున స్టార్ట్ కాదు. ‘ఇన్సులేషన్ రెసిస్టెన్స్ తక్కువ’ అని చూపిస్తుంది, అంటే ఎక్కడో కరెంటు నేలలోకి కారుతోందని. మనిషిని పంపుతాం. అతను చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి ఎండ ఎక్కి, తడి ఆరి, ఇన్వర్టర్ దానంతట అదే నడుస్తూ ఉంటుంది. అతను ‘చెక్ చేశాం, నార్మల్’ అని రాసి టికెట్ మూసేసి వస్తాడు. మొన్న ఎక్సెల్‌లో వెతికితే మూడు నెలల్లో ఇలా పదకొండు టికెట్లు. పదకొండూ టైమ్‌లోనే మూశాం. నెలాఖరు రిపోర్టులో మా టికెట్ల క్లోజింగ్ 98 శాతం! పైవాళ్లు భేష్ అన్నారు. నాకు మాత్రం సిగ్గేసింది.

ఈ పరుగుల్లో పడి నెలవారీ పనులు సగం వాయిదా పడుతున్నాయి. పోయిన నెల ఒక ఇన్వర్టర్ మధ్యాహ్నం పూట 70 శాతం దగ్గర ఆగిపోయి గీత గీసినట్టు నడిచింది. గ్రిడ్ వాళ్లు తగ్గించమన్నారేమో అనుకుని నాలుగు రోజులు వదిలేశాం. తీరా చూస్తే ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పేడపిడకలా గట్టిపడి ఉంది. లోపల వేడెక్కి పాపం ఇన్వర్టరే తనని తాను తగ్గించుకుంది.

ఇంకో నలుగురు మనుషుల్ని అడగనా, మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కొనమని అడగనా? రెండూ ఇవ్వరు, ఒకటే అడగాలి. ఇంకోటి, మనుషుల్ని సైట్‌కి ఇద్దరు చొప్పున కట్టేయాలా, అందర్నీ ఒకచోట పెట్టి అవసరాన్ని బట్టి పంపాలా?

పాత చెయ్యి:

ముందు ఏదీ అడక్కండి. పద్నాలుగో నంబర్ సంగతి తేల్చండి. అది తేలితే మీ మిగతా ప్రశ్నలు సగం వాటంతటవే మారిపోతాయి.

పదకొండు సార్లు మనిషిని పంపారు గానీ, పదకొండు సార్లూ రోగం తగ్గాక డాక్టర్ని పంపారు. ఆ తప్పు తడిగా ఉన్నప్పుడే దొరుకుతుంది. కాబట్టి వాన పడిన రాత్రి ఇద్దర్ని సైట్‌కి దగ్గర్లోనే ఉంచండి. తెల్లారేసరికి వాళ్లు ఇన్వర్టర్ దగ్గర ఉండాలి. స్ట్రింగులకు (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసులకు) వోల్టేజీ రావడానికి పెద్ద ఎండ అక్కర్లేదు, తెల్లవారిన కాసేపటికే వచ్చేస్తుంది.

ఇక పని ఇలా. నేను చెప్పేది డీసీ వైపు పాజిటివ్, నెగటివ్ పోలుల్లో ఏదీ ఎర్త్ చేయని ఇన్వర్టర్‌కి. నెగటివ్ ఎర్త్ చేసినదైతే లెక్క వేరు. ఇన్వర్టర్ ఆపి, లాక్ వేసి, ట్యాగ్ తగిలించండి. కాంబైనర్ బాక్సుల (కొన్ని స్ట్రింగుల్ని ఒకచోట కలిపే పెట్టెల) ఐసోలేటర్ స్విచ్చులన్నీ ఆఫ్ చేసి, ఒక్కో బాక్సు విడిగా చూస్తూ వెళ్తే తప్పు ఏ బాక్సు కింద ఉందో తెలుస్తుంది. ఆ బాక్సులో క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకున్నాకే ఫ్యూజ్ హోల్డర్లు తెరవాలి. ఈ మాట పదిసార్లు చెప్పినా తక్కువే. ఏసీలో కరెంటు సెకనుకి వంద సార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆర్క్ (గాలిలో లేచే కరెంటు మంట) ఆరే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. లోడ్ మీద హోల్డర్ లాగితే మంట సాగుతూనే ఉంటుంది, చెయ్యి దాని పక్కనే ఉంటుంది. మీటర్ కూడా 1500 వోల్టుల డీసీకి తట్టుకునేదే కావాలి. చాలామంది బ్యాగులో ఉండేది 1000 వోల్టులది.

తర్వాత ఒక్కో స్ట్రింగ్‌కి మూడు కొలతలు: పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య, పాజిటివ్ నుంచి ఎర్త్‌కి, నెగటివ్ నుంచి ఎర్త్‌కి. బాగున్న స్ట్రింగ్‌లో ఎర్త్‌కి చూసే రెండూ నిలకడగా ఉండవు, జారిపోతూ సున్నా వైపు వెళ్తాయి. తప్పున్న స్ట్రింగ్‌లో అంకె కదలకుండా నిలబడుతుంది. ఉదాహరణకి 28 ప్యానెళ్ల స్ట్రింగ్, మొత్తం 1260 వోల్టులు అనుకోండి, అంటే ప్యానెల్‌కి 45. పాజిటివ్ నుంచి ఎర్త్‌కి 315, నెగటివ్ నుంచి 945 వచ్చాయి. 315ని 45తో భాగిస్తే 7. పాజిటివ్ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఏడో ప్యానెల్‌కీ ఎనిమిదో ప్యానెల్‌కీ మధ్య చూడండి. అక్కడ ఏదో ఉంటుంది. నా అనుభవంలో తడిసిన కనెక్టరో, ఫ్రేమ్ అంచుకి రాసుకుని తొక్క ఊడిన కేబులో. ఒకసారి ఎలుక కొరికిన కేబుల్ కూడా దొరికింది.

ఇంకో చిన్న మార్పు చేయండి. టికెట్ మూసేటప్పుడు ‘నార్మల్’ అనే మాటని నిషేధించండి. మూడే మాటలు ఉండాలి: కారణం దొరికింది, సరిచేశాం. కారణం దొరికింది, స్పేర్ కావాలి. కారణం దొరకలేదు. ఈ మూడోది రాసిన టికెట్ మూతపడకూడదు. అలారం పోయినంత మాత్రాన తప్పు పోయినట్టు కాదు.

కంట్రోల్ రూమ్ కుర్చీ:

అన్నా, స్క్రీన్‌షాట్లు పంపే పాపాత్ముల్లో నేనూ ఒకణ్ణి. మా వైపు నుంచి చెబుతాను.

అలారాల్ని వచ్చిన వరుసలో పంపితే ఫీల్డ్ వాళ్లు ఆ వరుసలోనే పరిగెడతారు. దానికి బదులు పోయే యూనిట్ల వరుసలో పంపాలి. మీ ప్యానెల్ 540 వాట్లది అనుకుంటే 28 ప్యానెళ్ల స్ట్రింగ్ సుమారు 15 కిలోవాట్లు. మంచి రోజున ఐదు గంటల ఫుల్ లోడ్ లెక్కన అది రోజంతా ఆగిపోయినా పోయేది 75 యూనిట్లు. మీ పద్నాలుగో నంబర్ కింద అలాంటివి రెండు వందల స్ట్రింగులు ఉంటాయి. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అది పడుకుంటే, మబ్బు ఉన్న రోజైనా 1500 నుంచి 2000 యూనిట్లు పోతాయని నా అంచనా. 1800 వేసుకోండి. పదకొండు రోజులకి దాదాపు 20 వేల యూనిట్లు. ఒక్క స్ట్రింగ్ తొమ్మిది నెలలు ఆగిపోయినదానితో సమానం. కానీ మీ గ్రూపులో ‘స్ట్రింగ్ జీరో కరెంట్’ అన్న ఎర్ర అలారం కూడా, ఇది కూడా ఒకే సైజులో కనిపిస్తాయి. స్ట్రింగ్ కోసం అదే రోజు బండి తీయక్కర్లేదు. అటువైపు వెళ్లే పని ఎప్పుడు పడితే అప్పుడు చూసుకోవచ్చు. ఒక్క మినహాయింపు: కాలిన వాసన, కరిగిన కనెక్టర్, పొగ. ఇవి యూనిట్ల లెక్కలోకి రావు, వెంటనే వెళ్లాల్సిందే.

మీ ఫిల్టర్ కథ గురించి. గీత గీసినట్టు తగ్గితే మొదట పక్క ఇన్వర్టర్ల గ్రాఫ్ దాని మీద పెట్టి చూడాలి. గ్రిడ్ తగ్గించమంటే ప్లాంట్ కంట్రోలర్ ఆ కోతని మామూలుగా అన్ని ఇన్వర్టర్లకీ పంచుతుంది, అన్నీ కలిసి తగ్గుతాయి. ఒక్కటే తగ్గి, అదీ మధ్యాహ్నం వేడికే తగ్గి, సాయంత్రానికి కోలుకుంటే దాని ఫిల్టర్, ఫ్యాన్లు చూడాలి. రెండు నిమిషాల పని. నాలుగు రోజులు ఎవరూ చూడలేదంటే తప్పు మీది కాదు, నా కుర్చీలో కూర్చున్నవాడిది.

సైట్ల సంసారం:

20 వేల యూనిట్లా! మీరు చెప్పాక ఇన్వర్టర్ డేటా తీసి నేనూ లెక్కేశాను, 19 వేల చిల్లర వచ్చింది. రిపోర్టులో దాని గురించి ఒక్క గీత లేదు.

పాత చెయ్యి గారూ, మీ మూడు మాటలు బాగున్నాయి. కానీ మా వాళ్లు రాయరండీ. ఆరు నెలల క్రితం చక్కటి జాబ్ కార్డు తయారుచేశాను. అన్నిట్లో ‘ఓకే’, ‘ఓకే’, ‘ఓకే’. ఒకతను వెళ్లని సైట్‌కి కూడా ‘ఓకే’ రాశాడు.

బండి నంబర్ రెండు:

సార్, నేను మీ సైట్ల మనిషిని కాదు గానీ ‘ఓకే’ రాసే మనిషినే. కోపం తెచ్చుకోకుండా వినండి.

మీ చక్కటి జాబ్ కార్డులో ఎన్ని గళ్లున్నాయి? మా దాంట్లో ముప్పై నాలుగు. ఎండలో, చెమట చేత్తో, ఫోన్ స్క్రీన్ కనబడక, ముప్పై నాలుగు గళ్లు. అందులో పద్దెనిమిది మా సైట్‌లో లేనే లేని సామాను గురించి. ఏది రాసినా ఎవరూ చదవరని రెండో నెలకే తెలిసిపోయింది. ఒకసారి నేను ఒక కాంబైనర్ బాక్సు గురించి ‘ఎస్‌ఎంబీ 7 డోర్ గ్యాస్కెట్ చిరిగింది, నీళ్లు పోతున్నాయి’ అని మూడు నెలలు వరుసగా రాశాను. నాలుగో నెల ‘ఓకే’ రాశాను. ఆ బాక్సు ఐదో నెలలో కాలింది.

కార్డుని ఆరు గళ్లకి తెండి. అంకె రాసే గళ్లు పెట్టండి, టిక్కు పెట్టేవి వద్దు. ‘ఫిల్టర్ బాగుందా?’ అని అడిగితే ‘ఓకే’ వస్తుంది. ‘క్యాబినెట్ ఉష్ణోగ్రత ఎంత?’ అంటే అక్కడికి వెళ్లి చూడాల్సిందే. ఒక ఫోటో అడగండి, పది వద్దు. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒక్కసారైనా నేను రాసినదాని మీద ఎవరో ఒకరు నాకు ఫోన్ చేయాలి. అంతే, రాస్తాను.

ఇంకో సంగతి, బండిలో ఏముంది సార్? మమ్మల్ని పంపుతారు, స్టోర్ తాళం వేరేవాళ్ల దగ్గర ఉంటుంది. రెండు గంటలు ప్రయాణం చేసి ఫ్యూజ్ పోయిందని తెలుసుకుని, ఫ్యూజ్ లేక తిరిగొచ్చిన రోజులు లెక్కలేనన్ని. బండిలో ఒక పెట్టె ఉండాలి. స్ట్రింగ్ ఫ్యూజులు, కనెక్టర్లు, వాటి క్రింపింగ్ టూల్, సర్జ్ ప్రొటెక్టర్ కార్ట్రిడ్జులు, ఇన్వర్టర్ ఫ్యాన్ ఒకటి, కమ్యూనికేషన్ కార్డు ఒకటి. కనెక్టర్లు మాత్రం సైట్‌లో ఉన్న కంపెనీవే పెట్టండి. రెండు కంపెనీలవి ఒకదాంట్లో ఒకటి దూరతాయి, ‘టక్’ అని శబ్దం కూడా వస్తుంది. కానీ లోపల పిన్ను సరిగ్గా పట్టదు, వేడెక్కుతుంది, తడి కూడా పోతుంది. ఏడాది తర్వాత నల్లగా కరిగిపోయి దొరుకుతుంది.

ఆఖరుది. మబ్బు పట్టిన రోజున థర్మల్ కెమెరా (ప్యానెల్ మీద అతిగా వేడెక్కిన చోట్లని, అంటే హాట్‌స్పాట్లని, చూపేది) ఇచ్చి పంపకండి. ఐఈసీ 62446-3 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్యానెల్ మీద చదరపు మీటరుకి కనీసం 600 వాట్ల ఎండ ఉండాలి. మా ప్లాన్‌లో తారీఖు పడింది కాబట్టి వానలో కూడా ఫోటోలు తీసుకొచ్చాం. ప్యానెళ్లన్నీ చల్లగా, అందంగా వచ్చాయి. ‘హాట్‌స్పాట్లు లేవు’ అని రిపోర్టు వెళ్లింది.

టవర్ ఎక్కేవాణ్ణి:

అందరూ సోలార్ గురించే మాట్లాడుతున్నారు. ఆయనకి ఒక విండ్ సైట్ కూడా ఉంది.

మీ మనుషుల్ని ఒకచోట కలిపేయాలన్న ఆలోచనలో గాలిమరలని కలపకండి. సోలార్ మనిషిని పొద్దున ఫోన్ చేసి ‘ఇవాళ టవర్ ఎక్కు’ అంటే కుదరదు. ఎత్తులో పనికి, రెస్క్యూకి ట్రైనింగ్ కావాలి. జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్) బేసిక్ సేఫ్టీ సర్టిఫికెట్ అయితే రెండేళ్లకోసారి రిఫ్రెషర్ చేయాలి. ఎవరిది ఎప్పుడు ముగుస్తుందో మీ ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెట్టండి. ఒక్కడే ఎక్కడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పైన ఒకడు హార్నెస్‌కి వేలాడిపోతే దించేవాడు అక్కడే ఉండాలి, రెండు గంటల దూరంలో ఉన్న బండి కాదు. తొమ్మిది మందిలో ముగ్గుర్ని విండ్‌కి విడిగా పెట్టి, వాళ్లని సోలార్ అలారాలకి కదపకండి.

సోలార్‌లో రాత్రి ఉంది, నష్టం లేకుండా కొంత పని లాగించొచ్చు. గాలికి రాత్రీ పగలూ లేవు, సీజన్ ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులో ఉండే శక్తి ఎనిమిది రెట్లు. అందుకే గాలి తగ్గే నెలల్లోనే ఏడాది సర్వీసంతా దింపేయాలి: బోల్టుల టార్క్, గ్రీజు, గేర్‌బాక్స్ నూనె శాంపిల్, బ్రేక్ ప్యాడ్లు. గాలి నెలల్లో చేస్తే డబుల్ నష్టం. ఒకటి, ఆపిన ప్రతి గంటా ఖరీదైనది. రెండు, గాలి పరిమితి దాటితే ఎక్కనివ్వరు, మనుషులు కింద కూర్చుని పైకి చూస్తూ ఉంటారు. నేను అలా వారం కూర్చున్నాను.

ఎక్కే ముందు సామాను నేల మీద పరిచి లెక్కపెట్టుకోవడం అలవాటు చేయండి. పైకెళ్లాక 24 సాకెట్‌కి బదులు 22 తెచ్చానని తెలిస్తే, ఆ రెండు మిల్లీమీటర్ల కోసం మళ్లీ కిందికీ పైకీ. మోకాళ్లు తిడతాయి.

పాత చెయ్యి:

విండ్ సంగతి ఒప్పుకుంటాను. సోలార్ ఆరుగుర్ని మాత్రం సైట్‌కి కట్టేయొద్దు, పూర్తిగా కలిపేయొద్దు. రెండు జట్లు చేసి దగ్గరి సైట్లు రెండేసి ఇవ్వండి. ఒక మనిషి ఒకే సైట్‌లో మూడేళ్లుంటే అక్కడి తప్పులు అతని కంటికి ఆనవు. అదే రోజుకో సైట్ తిప్పితే ఏ సైటూ తనదనిపించదు. జట్టు ఉదయం రెండు గంటలు ప్లాన్ చేసిన పని చేసి, ఆ తర్వాతే అలారాల లిస్టు అందుకోవాలి. మంటా పొగా అయితే తప్ప మధ్యలో ఫోన్ చేయకూడదు. ముఖ్యంగా మీరు చేయకూడదు.

సైట్ల సంసారం:

ఐదు వారాలైంది, జరిగింది చెబుతాను.

వాన పడిన రెండో రాత్రి నేనే ఇద్దర్ని తీసుకుని వెళ్లాను. తెల్లవారే వేళకి పద్నాలుగో నంబర్ దగ్గర ఉన్నాం. పన్నెండు కాంబైనర్ బాక్సుల్లో తొమ్మిదోది తేలింది. అందులో ఐదో స్ట్రింగ్: మొత్తం 1250, పాజిటివ్ నుంచి ఎర్త్‌కి 980 దగ్గర నిలబడిపోయింది. భాగిస్తే 22కి కొంచెం తక్కువ. ప్యానెళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లాం. ఇరవై రెండో ప్యానెల్ కింద కేబుల్ టై ఎండకి పెళుసెక్కి తెగిపోయింది. కనెక్టర్ గడ్డిలోకి జారి చిన్న నీటి గుంటలో పడుకుని ఉంది. ఎత్తి చూస్తే ఒక సగం ఒక కంపెనీది, ఇంకో సగం ఇంకోదానిది. ఎప్పుడో మా వాళ్లే మార్చి ఉంటారు. విప్పితే లోపలి నుంచి నీళ్లు కారాయి, పిన్ను పచ్చగా చిలుం పట్టి ఉంది. మాతో వచ్చిన కుర్రాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని ‘దీని కోసమా సార్ పదకొండు సార్లు తిరిగింది’ అన్నాడు. వాటిలో నాలుగు సార్లు వచ్చింది అతనే.

అదే వరుసలో నడుస్తూ పోతే ఇంకో ఆరు కనెక్టర్లు అలాగే నేల మీద దొరికాయి. ఇప్పుడు టైలు మార్చడం ఒక ప్రత్యేక పనిగా పెట్టాం. ఆ తర్వాత మూడు వానలు పడ్డాయి, పద్నాలుగు పొద్దున్నే లేస్తోంది.

జాబ్ కార్డు ఏడు గళ్లకి వచ్చింది, ఆరుకి కుదరలేదు. రోజూ సాయంత్రం ఒక కార్డు తీసి రాసినవాడికి ఫోన్ చేస్తున్నాను. బండి పెట్టెలు రెండూ నిండాయి, ఇన్వర్టర్ ఫ్యాన్ ఇంకా రాలేదు. విండ్ ముగ్గురూ విడిగా ఉన్నారు. సర్టిఫికెట్ల కాలమ్ పెట్టగానే ఒకతనిది ముగిసి నెలన్నర అయిందని బయటపడింది. అతన్ని అప్పటికప్పుడు దించి ట్రైనింగ్‌కి పంపాం.

కొత్త తలనొప్పి ఏంటంటే, కారణం దొరకని టికెట్లు మూయడం మానేశాం కదా, క్లోజింగ్ 98 నుంచి 71కి పడింది. ఎల్లుండి రివ్యూ. ఏం చెప్పమంటారు?

కంట్రోల్ రూమ్ కుర్చీ:

71 పక్కన ఇంకో కాలమ్ పెట్టి పోయిన యూనిట్లు రాయండి, ఈ నెలవి, మూడు నెలల కిందటివి. కారణం దొరకని టికెట్లని కూడా యూనిట్ల వరుసలో పేర్చి తీసుకెళ్లండి, ఏది ముందు పట్టుకుంటారో అడుగుతారు.

బండి నంబర్ రెండు:

ఆ కనెక్టర్ పారేయకండి సార్. జేబులో వేసుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టండి.